డిగ్లీపూర్ జ్వరానికి గ్రీకు పేరు

ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్ చుట్టుపక్కల 1988 నుంచి, వానలు తగ్గి వరికోతలు మొదలయ్యే రోజుల్లో ఒక జ్వరం జనాన్ని పట్టి పీడించింది. తలనొప్పి, ఒళ్లునొప్పులు, ఆ తర్వాత దగ్గితే రక్తం. ఊపిరితిత్తుల్లో రక్తస్రావమై కొందరు కొద్దిరోజుల్లోనే ప్రాణాలు వదిలారు. కారణం అంతుపట్టని ఆ జబ్బుకు వైద్యులు అప్పటికి ‘అండమాన్ హెమరేజిక్ ఫీవర్’ అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరులో ఊరుంది, లక్షణం ఉంది, కారణం లేదు. 1990ల తొలి సగంలో భారత వైద్య పరిశోధన మండలికి పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న ప్రాంతీయ కేంద్రం అది లెప్టోస్పైరోసిస్ అని తేల్చింది. నిజానికి ఆ జబ్బు దీవులకు కొత్తదేం కాదు. బ్రిటిషువారి హయాంలోనే టేలర్, గోయిల్ అనే ఇద్దరు పరిశోధకులు అండమాన్ లెప్టోస్పైరోసిస్ మీద 1931లో ఒక గ్రంథమే ప్రచురించారు. అరవై ఏళ్లయినా తిరగకముందే అదే నేల మీద అదే జబ్బు ముక్కూమొహం తెలియనిదై, ఊరిపేరు తగిలించుకుని మళ్లీ పుట్టింది.

పేరు వల్లే ఆలస్యమైందని అనడం అన్యాయం. పరీక్షల వసతి, రవాణా, దూరం, ఇలా కారణాలు చాలా ఉంటాయి. కానీ రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. గ్రీకులో ‘లెప్టోస్’ అంటే సన్నని, ‘స్పైరా’ అంటే మెలిక, చివరి ‘ఓసిస్’ అంటే ఒక స్థితి. సన్నగా మెలితిరిగిన జీవి వల్ల కలిగే స్థితి అని ఆ పొడుగాటి మాట ఒక్క గుక్కలో చెబుతోంది. దీన్ని విప్పుకోవడం తెలిసిన విద్యార్థికి ‘స్పైరోకీట్’ అన్న మాట వినగానే ఇది అదే కుటుంబం కదా అని తడుతుంది. సిఫిలిస్ కారకమైన ‘ట్రెపొనీమా’ అంటే మెలితిరిగిన దారం అని తెలిస్తే మూడో చుట్టం కూడా దొరికినట్టే. ఇక ఆ లెప్టోస్పైరాలో ఒక జాతికి ‘ఇంటరోగాన్స్’ అని పేరు. 1907లో స్టిమ్‌సన్ అనే శాస్త్రవేత్తకు సూక్ష్మదర్శిని కింద అది ప్రశ్నార్థకంలా కనబడిందట! కొత్త అంటువ్యాధులకు ఊళ్ల పేర్లు పెట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. ఆయా ప్రాంతాలపై మచ్చ పడకూడదన్నది దాని ఉద్దేశం. మచ్చ సంగతి అలా ఉంచినా, ఊరిపేరు వైద్యుడికి ఏ దారీ చూపదన్నది అంతకంటే పెద్ద లోటని నా అభిప్రాయం.

అదే 2015లో పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే ఇప్పటి శ్రీవిజయపురంలో, అండమాన్ నికోబార్ దీవుల వైద్య విజ్ఞాన సంస్థ 100 సీట్లతో మొదలైంది. జి.బి.పంత్ ఆస్పత్రే దాని బోధనాస్పత్రి. 2011 జనాభా లెక్కల్లో దీవుల జనం 3.8 లక్షలు, వారిలో బెంగాలీ 28 శాతం మందికి, తెలుగు 13 శాతం మందికి మాతృభాష. ఇవి కాక హిందీ, తమిళం, మలయాళం, నికోబారీ. ఏ భాషకూ సగం బలం లేదు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడ్డ కుటుంబాల పిల్లలు అక్కడి తెలుగు మాధ్యమ బడుల్లో చదివి, మెడిసిన్‌కో నర్సింగ్‌కో వస్తే మొదటి వారమే ఎదురయ్యేవి ఈ గ్రీకు, లాటిన్ మాటలు. మూలాలు తెలిసినవాడికి అవి అర్థమున్న మాటలు. తెలియనివాడికి ఒట్టి శబ్దాలు, బట్టీ పట్టాల్సిన శబ్దాలు. ఈ పదాలను అనువదించాల్సిన పని లేదు, అలాగని పిల్లల నెత్తిన ఊరికే పడేయనూ కూడదు. వాటిని విప్పి, విద్యార్థికి వచ్చిన భాషలోనే, శాస్త్రం మొదలుపెట్టక ముందే నేర్పాలి. ఆ పని ఆరంభించడానికి ఐదారు భాషలు ఒకే బెంచీ మీద కూర్చునే అండమాన్‌కు మించిన చోటు లేదు. అక్కడి వార్డులో గ్రీకు ఎవరి సొత్తూ కాదు కాబట్టి ఎవరికీ పేచీ ఉండదు.

ఒకే అవయవానికి రెండు పేర్లెందుకన్నది కొత్త విద్యార్థికి వచ్చే మొదటి చికాకు. కిడ్నీకి సంబంధించిన రక్తనాళం ‘రీనల్’, కిడ్నీకి వచ్చిన వాపు ‘నెఫ్రైటిస్’. ఊపిరితిత్తుల ధమని ‘పల్మనరీ’, ఊపిరితిత్తుల జబ్బు ‘న్యుమోనియా’. స్థూలంగా చెప్పాలంటే శరీర భాగాల పేర్లు లాటిన్, జబ్బుల పేర్లు గ్రీకు. హిపొక్రటీస్, గాలెన్‌ల వైద్యం గ్రీకులో సాగింది. తర్వాత ఐరోపాలో శవాలను కోసి చూసిన వెసేలియస్ వంటివారు లాటిన్‌లో రాశారు. తెలుగువాడికి ఇది వింత కాకూడదు. కన్ను నొప్పి పెడుతుంది, కానీ దానం చేసేది నేత్రం. గుండె కొట్టుకుంటుంది, కానీ నిపుణుడు హృద్రోగ వైద్యుడు. పొట్టలో నీరు చేరితే జలోదరం. ఇంటి మాట ఒకటి, శాస్త్రం మాట ఒకటి పెట్టుకుని వెయ్యేళ్లుగా సంసారం చేస్తున్న భాష మనది. ‘రీనల్’, ‘నెఫ్రైటిస్’ల గుట్టు మనకు చెప్పడానికి ఒక పీరియడ్ చాలు.

అంతకంటే పెద్ద సాయం మన మాటల్లోనే దాగి ఉంది. సంస్కృతానికీ గ్రీకు, లాటిన్‌లకూ చుట్టరికం ఉందని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పాడు. తెలుగు ఆ కుటుంబానిది కాదని, దక్షిణాది భాషలది వేరే కుదురని ఎల్లిస్ 1816లో, కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పరిచయంలో రుజువు చేశాడు. కానీ తెలుగు సంస్కృతం నుంచి బోలెడు మాటలు తెచ్చుకుంది, వాటితోపాటు ఆ చుట్టరికమూ తెచ్చుకుంది. అచ్చుకు ముందు ‘అన్’, హల్లుకు ముందు ‘అ’ వచ్చి లేమిని చెబుతాయని తెలుగు వాచకం చదివిన పిల్లవాడికి తెలుసు: అనారోగ్యం, అధర్మం. గ్రీకులోనూ అదే ఏర్పాటు. ‘అనీమియా’ అంటే రక్తం లేమి, ‘ఆప్నియా’ అంటే ఊపిరి లేమి. మన ‘దుస్’ వాళ్ల ‘డిస్’కు తోబుట్టువు; దుర్గంధంలో ఉన్నదీ డిసెంట్రీలో ఉన్నదీ అదే చెడు. మన ‘పరి’ వాళ్ల ‘పెరి’: గుండె చుట్టూ ఉన్న పొర పెరికార్డియం. హైపర్, హైపోల మధ్య తడబడని మొదటి సంవత్సరం విద్యార్థి ఉండడు. ‘ఉపరి’తో పుట్టింది హైపర్, ‘ఉప’తో పుట్టింది హైపో అని చెబితే, ఉపరితలమూ ఉపముఖ్యమంత్రీ తెలిసిన పిల్లవాడు రక్తంలో చక్కెర ఎక్కువైందో తక్కువైందో మళ్లీ పొరబడడు. డయాగ్నసిస్‌లోని ‘గ్నో’ మన జ్ఞానంలోని ‘జ్ఞ’. ఎంటరైటిస్‌లోని ‘ఎంటెరోన్’, తెలుగు మాధ్యమం పుస్తకంలో డుయోడినంకు రాసిన ‘ఆంత్రమూలం’లోని ఆంత్రం అన్నదమ్ములు. ఆ డుయోడినం కూడా పన్నెండు వేళ్ల వెడల్పంత పొడవన్న లెక్క నుంచి వచ్చిన లాటిన్ మాట; అందులో మన ద్వాదశి జాడ ఉంది. స్ప్లీన్‌కు ప్లీహం, నాజల్‌కు నాసిక, డెంటల్‌కు దంతం. పదో తరగతి దాకా తెలుగులో చదవడం వెనకబాటని పిల్లల్ని నమ్మించాం. ఈ ఒక్క విషయంలోనైనా అది ముందంజే. అయితే ఒక హెచ్చరిక చేయక తప్పదు. వినడానికి ఒకేలా ఉన్నవన్నీ చుట్టాలు కావు. మనం ‘హిమోగ్లోబిన్’ అని రాస్తాం కదా అని అందులో హిమాలయం వెతకకూడదు. అది ‘హైమ’, అంటే రక్తం.

ఉచ్చారణ దగ్గరా ఇదే కథ. ఇంగ్లిష్‌లో ఎఫ్ ఉండగా పీహెచ్ ఎందుకు, టీ ఉండగా టీహెచ్ ఎందుకు, కలరాలో సీ పక్కన హెచ్ ఎందుకు అంటే ఇంగ్లిష్ మాస్టారు చాలాసార్లు నీళ్లు నములుతారు. తెలుగు వర్ణమాల చదివినవాడికి జవాబు చేతిలోనే ఉంది. పాత గ్రీకులో ఫ, థ, ఖ అనే ఒత్తక్షరాలు ఉండేవి, లాటిన్‌లో లేవు. రోమన్లు ప, త, క పక్కన హెచ్ చేర్చి వాటిని రాసుకున్నారు. కలరా మొదటి అక్షరం పుట్టుకతో ఖ. న్యుమోనియాకు ముందు పలకని పీ కూడా ఊరికే కూర్చోలేదు. గ్రీకులు దాన్ని పలికారు, ఇంగ్లిష్ నాలుక మింగేసింది. ముందొక అచ్చు చేరగానే అది మళ్లీ వినబడుతుంది: ఆప్నియా. రెప్ప వాలిపోవడం ‘టోసిస్’, కిడ్నీ కిందికి జారడం ‘నెఫ్రోప్టోసిస్’. దాక్కున్న అక్షరం ఎక్కడ బయటపడుతుందో తెలిసినవాడికి స్పెల్లింగ్ శిక్ష అనిపించదు. ఎన్‌సెఫలైటిస్ అనాలా, ఎన్‌కెఫలైటిస్ అనాలా అని వాదులాడుకునేవారికి ఇద్దరూ ఒప్పేనని చెప్పి ఊరుకోవచ్చు. మొదటిది లాటిన్ బాట, రెండోది గ్రీకు బాట.

తెలుగు లిపి అన్నీ పరిష్కరిస్తుందని మాత్రం అనుకోకూడదు. కొన్ని తగాదాలను అది చిటికెలో తీరుస్తుంది. ఇడీమా మాటను బ్రిటిష్ వాళ్లు ఓతో, అమెరికన్లు ఈతో మొదలుపెడతారు. నిఘంటువులో ఒకటి ఒక మూల, రెండోది ఇంకో మూల. మనకు రెండూ ఇడీమాయే. కానీ అదే లిపి కొన్నిచోట్ల ప్రమాదం తెచ్చిపెడుతుంది. మింగడం కష్టమైతే డిస్‌ఫేజియా. మాట తడబడితే, పక్షవాతం వచ్చినవారిలో చూస్తుంటాం, అదీ డిస్‌ఫేజియాయే! ఇంగ్లిష్‌లో మొదటిది జీతో, రెండోది ఎస్‌తో. తెలుగులో రెంటికీ జ తప్ప గతి లేదు. ఈ రెండూ ఒకే రోగికి రావచ్చు, ఒక్కటే రావచ్చు. మింగలేనివాడికి నోటి ద్వారా అన్నం పెడితే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మాట రానివాడికి ఆకలి మామూలుగానే ఉండొచ్చు. ఒకే స్పెల్లింగ్‌తో రాసిన తెలుగు చీటీ ఇద్దర్నీ ఒకే గాటన కట్టేస్తుంది. మూలం తెలిస్తే ‘ఫేగ్’ తినడం, ‘ఫేసిస్’ పలకడం అని గుర్తుంటుంది, కనీసం అడగాలన్న అనుమానమైనా వస్తుంది. పెరోనియల్ అంటే కాలి పక్క నరం, పెరినియల్ అంటే తొడల మధ్య భాగానిది. ఒక్క గుడి తేడా. ఈ గందరగోళం ఇంగ్లిష్ వాళ్లకూ ఉంది. 1998 నాటి అంతర్జాతీయ పదావళి పెరోనియల్‌కు బదులు ఫిబ్యులర్ అన్న మాటకు పెద్దపీట వేసింది. ఇక చిన్నపేగు చివరి భాగం ఇలియం, తుంటి ఎముక పైభాగమూ ఇలియమే. పలుకుబడిలో ఇంగ్లిష్‌లోనూ తేడా లేదు. మన పత్రికలు మాత్రం లేని తేడాలు పుట్టిస్తున్నాయి. ఒకచోట లెప్టోస్పైరోసిస్, ఇంకోచోట లెప్టోస్పిరోసిస్. ఒకరిది కోవిడ్, ఒకరిది కొవిడ్. నిమోనియా, న్యుమోనియా. వెతుక్కునే పాఠకుడికి ఇవి రెండు జబ్బుల్లా కనిపిస్తే తప్పెవరిది?

ఇంత యాతన ఎందుకు, అన్నిటికీ తెలుగు మాటలు పుట్టిస్తే పోలా అంటారు కొందరు. వారి ఆవేదన అబద్ధం కాదు. మెదడువాపు, గుండెపోటు, రక్తపోటు లాంటివి జనం నోట నలిగిన చక్కని మాటలు; వాటి స్థానంలో ఇంగ్లిష్ వాడటం బడాయి. కానీ వైద్య విద్యకు కావాల్సినవి పదో వందో కాదు, వేలు. అన్నిటినీ పుట్టించబోతే వచ్చేది తెలుగు కాదు, పిల్లవాడికి గ్రీకంత దూరమైన సంస్కృత సమాసం. 2022 అక్టోబరులో భోపాల్‌లో ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం పుస్తకాలను హిందీలో విడుదల చేశారు. వాటిలోనూ వాక్యం హిందీ, పదం చాలావరకు దేవనాగరిలో రాసిన ఇంగ్లిష్. దాన్ని చూసి నవ్వినవాళ్లున్నారు. నాకైతే అందులో వివేకమే కనిపిస్తుంది. లోటల్లా ఆ పదాలను విప్పి చెప్పే అధ్యాయం ముందు ఉండాల్సిందన్నదే. ఎవరికి వారు పేర్లు పెట్టుకుంటే ఏమవుతుందో ఐరోపా చవిచూసింది. సుమారు 5 వేల శరీర భాగాలకు దాదాపు 50 వేల పేర్లు పోగయ్యాక 1895లో బాజెల్ నగరంలో కూర్చుని లాటిన్ పేర్ల జాబితా ఒకటి ఖరారు చేసుకోవాల్సి వచ్చింది.

జనం మాటకూ శాస్త్రం మాటకూ పని వేరన్న సంగతికి నికోబార్‌లోని నాన్‌కౌరీ దీవులే సాక్ష్యం. అక్కడ ఫైలేరియా ఉంది. ఆ జబ్బును మనం బోదకాలు అంటాం. కాలు చూసి పెట్టిన పేరు, కళ్లకు కట్టే పేరు. వృషణాల చుట్టూ నీరు చేరితే వరిబీజం అంటాం. రెండింటికీ మూలం ఒకే పురుగు కావచ్చన్నది ఆ రెండు మాటల్లో ఎక్కడా లేదు. ‘ఫైలేరియా’లో ఉన్నది లాటిన్ ‘ఫైలం’, దారం. దారంలాంటి పురుగని చెప్పి అది కాలునూ బీజాన్నీ ఒక్క ముడి వేస్తుంది. ఆ పురుగు మీద ప్రపంచమంతా వాడుతున్న డైఇథైల్‌కార్బమజీన్ మందు వచ్చింది మన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన ప్రయోగశాల నుంచే. రోగితో మాట్లాడేటప్పుడు బోదకాలే అనాలి, చార్టులో ఫైలేరియా రాయాలి. డాక్టరు గ్రీకు నేర్చుకుంటే రోగికి దూరమవుతాడన్న భయం ఇక్కడ తలకిందులవుతోంది. మాట అర్థం తనకే తెలియని డాక్టరు దాన్ని రోగి భాషలోకి ఎలా మారుస్తాడు? అతను దాన్ని ఉన్నదున్నట్టు రోగి మొహాన వదిలేస్తాడు. మూలం తెలిసినవాడే ‘నీ రక్తంలో చక్కెర బాగా పడిపోయిందమ్మా’ అనగలుగుతాడు.

మూలాలు తప్పుదారి పట్టిస్తాయన్నది ఇంతకంటే గట్టి ఆక్షేపణ. ఒప్పుకోవాల్సిందే. మలేరియా అంటే ఇటాలియన్‌లో చెడుగాలి. అది గాలి వల్ల కాదు, దోమ వల్లనని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో కనిపెట్టిన దాంతో బలపడింది. ఆ దోమ ఎనాఫిలిస్ పేరుకు గ్రీకులో అర్థం ‘పనికిరానిది’. పనికిరానిదే గానీ, చేసిన పని ఇంతా అంతా కాదు. ధమనుల్లో గాలి పారుతుందనుకున్న రోజుల్లో పుట్టింది ‘ఆర్టరీ’. హిస్టీరియాకు గర్భసంచిని బాధ్యురాల్ని చేసిన పాపం ఇంకా ఆ మాటను అంటుకునే ఉంది. కానీ మన పక్షవాతంలోనూ వాతం ఉంది కదా; ఒంట్లో గాలి ప్రకోపించిందని ఈనాడు ఎవరూ సూదిమందు రాయడం లేదు. మూలం నిర్వచనం కాదు, ఆనవాలు. లెప్టోస్పైరోసిస్ అన్న మాట క్రిమి రూపం చెబుతుందే గానీ, అది ఎలుక మూత్రం కలిసిన పొలం నీళ్ల నుంచి గీరుకుపోయిన కాలిలోకి వస్తుందని చెప్పదు. అది పాఠంలోనే చదవాలి. పదం తెలిసి జబ్బు తెలియనివాడు ప్రమాదకారే. అలాంటివాణ్ని వడపోయడానికే పరీక్షలున్నాయి.

సిలబస్ ఇప్పటికే మోయలేనంత ఉందన్న మాటకు జవాబు లెక్కలోనే ఉంది. రోజూ తగిలే మూలాలు కొన్ని వందలు. వాటి కలయికతో వేల పదాలు. ‘టమీ’ కోత, ‘ఎక్టమీ’ కోసి తీసేయడం, ‘ఆస్టమీ’ కొత్త నోరు పెట్టడం అని ముగ్గురు చాలు, శస్త్రచికిత్సల పేర్లు సగం వాటంతటవే తెరుచుకుంటాయి. ఎంబీబీఎస్‌లో 2019 నుంచి అమల్లోకి వచ్చిన ఫౌండేషన్ కోర్సులో భాషా నైపుణ్యాలకు ఎలాగూ చోటుంది. ఆ గంటల్లో కొన్ని ఈ పనికి ఇస్తే కొత్త భారం ఏమీ పడదు. నర్సింగ్, ఫార్మసీ, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులకు ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే చీటీ చదివి చేతల్లో పెట్టేది వాళ్లే. ఫోనులో వెతికితే అర్థం వస్తుంది కదా అంటే, వెతకడానికి ముందు సరిగ్గా వినాలి, సరిగ్గా రాయాలి. రాత్రి డ్యూటీలో ఫోను మీద చెప్పిన మాట హైపరో హైపోనో తేల్చాల్సింది చెవే.

తెలుగు చేతిపుస్తకం తయారుచేయడానికి 1968 నుంచి పారిభాషిక పదాల మీద పనిచేసిన తెలుగు అకాడమీ అనుభవం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో తెలుగు-సంస్కృత అకాడమీగా ఉన్న సంస్థ అయినా, తెలంగాణలోనిదైనా పూనుకుంటే, ఉప, ఉపరి, దుస్, పరి, అన్‌ల నుంచి మొదలయ్యే ఒక చిన్న పుస్తకం దీవుల్లోని తెలుగు పిల్లలకూ అందుతుంది. బెంగాలీ, హిందీ పిల్లలకు వాళ్ల భాషల్లో తిరగరాయడమూ తేలికే, ఆ చుట్టరికం వాళ్లకింకా దగ్గరిది. పత్రికలు తమ వంతుగా ఒక్కో జబ్బుకు ఒక్కో స్పెల్లింగ్ ఖాయం చేసుకోవాలి. ఆస్పత్రి ఇచ్చే తెలుగు కాగితంలో డిస్‌ఫేజియా లాంటి జంటపదం వచ్చినచోట పక్కనే ‘మింగలేకపోవడం’ అనో ‘మాట తడబాటు’ అనో రాస్తే ఒక పంక్తి పెరుగుతుంది, అంతే. ఇలియం దగ్గర మాత్రం ఏ మూలమూ ఆదుకోదు. పేగా, ఎముకా అని ప్రతిసారీ రాసి తీరాల్సిందే.